మాట వినని కెప్టెన్

పరుగు!

ఢిల్లీ ఎయిర్‌పోర్టు పక్కన, మహిపాల్‌పూర్‌లోని విమాన కంపెనీ ఆఫీసు మెట్లు రెండేసి చొప్పున ఎక్కుతున్నాడు నథానియేలు. బయట జనవరి చలి. వెనకాలే బూట్ల చప్పుడు...

"ఆగరా!"

ఆగితే స్తుతి చచ్చిపోతుంది.

స్తుతి అతని చెల్లెలు. నోయిడాలో నర్సు. పేషెంట్లకి తెలియకుండా కిడ్నీలు కోసేస్తున్న డాక్టర్ని కళ్లారా చూసింది. రేపు కోర్టులో సాక్ష్యం చెప్పాలి. ఇన్నాళ్లూ హైదరాబాద్‌లో దాక్కుంది. ఇప్పుడు అక్కణ్నుంచి వస్తున్న విమానంలో ఉంది. ఢిల్లీ ఎయిర్‌పోర్టులో పోలీసులు కాపలా ఉన్నారు.

మరి జైపూర్‌లో దిగితే?

ఇందాకే విన్నాడు. డ్యూటీ మేనేజర్ రాజగోపాల్ మెట్ల కింద నిలబడి ఫోన్లో చెప్తున్నాడు. "ఫ్లైట్‌ని జైపూర్‌కి మళ్లిస్తా. నర్సు సంగతి మీరు చూసుకోండి."

కంచే చేను మేస్తోంది!

రేడియో రూమ్. ఖాళీ! అందర్నీ టీకి పంపేశాడు దుర్మార్గుడు.

నథానియేలు డిస్పాచర్. విమానాలకి వాతావరణం, దారి కిందనుంచి చెప్పడమే అతని ఉద్యోగం. మైక్ అందుకుంటాడు...

మెడ మీద చల్లగా పిస్తోలు!

"నేను చెప్పమన్నదే చెప్పు." రాజగోపాల్ ఒగురుస్తున్నాడు. "ఢిల్లీలో పొగమంచు కమ్ముకొస్తోంది. వాళ్లొచ్చేసరికి రన్‌వే మూసేస్తారు. జైపూర్ పొమ్మను."

"మీరే చెప్పొచ్చుగా సార్?"

"రేపు ఎంక్వైరీ అంటూ వస్తే నీ గొంతే వినపడాలి. నీ చెల్లెల్ని నువ్వే పంపించావనాలి. కానీ!"

నథానియేలు పళ్లు నూరుకుంటాడు. అంతలో గుర్తొస్తుంది... ఇవాళ విమానం నడిపేది ఎవరు?

కెప్టెన్ శశిధర్!

ఎడ్డెమంటే తెడ్డెమనే మనిషి. "ఏసీ రూములో కూర్చున్న గుమాస్తాలా నాకు దారి చెప్పేది?" అని అందరి ముందూ పరువు తీసినవాడు. ముందు ఉరుములున్నాయి, చుట్టూ తిరిగి రండి సార్ అంటే పంతానికి మబ్బులోకే దూరేవాడు. ఎన్ని రాత్రులు తిండి సహించలేదో ఆయన నోటి దురుసుకి!

ఇవాళ ఆ పొగరే కావాలి.

ప్రభువా... ఆ మనిషిని అలాగే ఉంచు.

బటన్ నొక్కుతాడు. "కెప్టెన్, డిస్పాచ్ నుంచి నథానియేలు. ఢిల్లీలో పొగమంచు. రన్‌వే మూసేస్తారు. మీరు జైపూర్ వెళ్లిపోవాలి!"

'వెళ్లిపోవాలి' అని గట్టిగా అంటాడు. హుకుం జారీ చేసినట్టు. ఒళ్లు మండాలి ఆయనకి!

రేడియోలో గరగర.

"ఏమయ్యా, నాకే ఆర్డరేస్తున్నావా?"

నథానియేలు గుండె ఎగిరి గంతేస్తుంది. తిట్టండి సార్... ఇంకా తిట్టండి!

"అవున్సార్. ఆర్డరే."



"అచ్ఛా..." శశిధర్ గొంతు తగ్గుతుంది. "లక్నోలో నువ్వు వద్దన్నా దిగాను చూడు. చక్రాలు రన్‌వే దాటి మట్టిలోకి పోయాయి. వెనకాల పిల్లలు ఏడ్చిన ఏడుపు ఇంకా చెవుల్లో ఉంది. మీ మాట వినకుండా ఇన్నాళ్లూ తప్పు చేశానయ్యా."

వద్దు... ఇప్పుడు కాదు!

"ఢిల్లీ టవర్‌ని అడగండి సార్, ఒకసారి..."

"ఎందుకూ? నువ్వు చెప్పాక ఇంకొకళ్లని అడగను. జైపూర్‌కే పోతున్నా."

వినాల్సినన్నాళ్లూ వినలేదు. విన్నరోజు ఇదా!

పిస్తోలు మరిచిపోతాడు. మైక్ రెండు చేతులా పట్టుకుంటాడు.

"సార్, అబద్ధం! ఢిల్లీకే రండి! నా చెల్లె..."

మైక్ వైరు రాజగోపాల్ చేతిలో. ముందే లాగేశాడు... ఒక్క ముక్క కూడా పైకి పోలేదు!

ఢాం!

నథానియేలు టేబుల్ మీదికి ఒరిగిపోతాడు.

రేడియోలో మళ్లీ గరగర.

"నథానియేలూ... జైపూర్‌కి తిరిగాం. థాంక్స్ తమ్ముడూ."