మంచుకత్తి మీద తీర్పు

మధ్యాహ్నం టీ వచ్చేలోపు నూకరత్నం ఒక కోటను ఖాళీ చేసింది. కాపలావాళ్ళ దగ్గర్నుంచి వంటవాళ్ళ దాకా ఎవరినీ మిగల్చలేదు. కత్తి ఊపు ఊపుకీ ముగ్గురు నలుగురు పడుతున్నారు, మంచు మీద ఎరుపు చిమ్ముతోంది, ఆమె బొటనవేలు సలుపుతోంది. మణికట్టుకున్న నాడిపట్టీ ఆమె గుండె ఎంత ఎగిరిందో, చెమట ఎంత పట్టిందో ఎప్పటికప్పుడు తీర్పులు రాసే యంత్రం ఏకమాటకు చేరవేస్తోంది. గుండె ఎగిరితే ఆట బాగున్నట్టు. పడుకుంటే విసుగు. రాయడం, ఆలోచించడం ఏకమాట పని. ఆడటం ఆమె పని.

తీర్పుమేడ కిటికీలోంచి విశాఖ రేవు కనిపిస్తుంది. నూకరత్నం మాత్రం కుర్చీని ఏనాడో గోడవైపు తిప్పేసుకుంది. రేవు కంటపడితే నాడి చెడుతుంది. నాడి చెడితే పాపం ఆటకు అన్యాయం జరుగుతుంది.

"ఏటి రత్నమ్మా, ఇంకా కోటలోనే ఉన్నావేటి?" అంటూ తవిటినాయుడు టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. ఆ అంతస్తుకు అతనే పెద్ద. "కడపోళ్ళు, వరంగల్లోళ్ళు అందరూ ముగించేసేరు. మనవే మిగిలేం."

"ఏటంటన్నారు వోళ్ళు?"

"ఏటంటారు? కత్తి బాగుంది, మంచు బాగుంది, నడకే మందం అంటన్నారు. నరకబోయే ముందు ప్రతీవోడూ నిలబడి పేరూ ఊరూ అయ్య పేరూ సెప్తాడట. సచ్చీవోడి జాతకం మనకెందుకు? ఇంకోటి, సత్రం కాడ ఒక ముసల్ది ఉందట. కొట్టదు, దారి సెప్పదు, నోరిప్పదు. ఊరికే మొకంలోకి సూస్తాదట. అందరూ దాన్ని లోపం కిందే ఏసేరు."

మంచుకత్తి జపాను యోధుల ఆట. అనకాపల్లి పక్కన ఒక చిన్న షెడ్డులో కూచుని కొందరు కలిసి చేశారు. వాళ్ళలో పెద్దవాడు భానోజీ, నలభై దాటిన మనిషి, పొద్దుటినుంచీ కింద హాల్లో బల్ల మీద కూచునే ఉన్నాడు. తీర్పు రోజున చేసినవాళ్ళు అలా వచ్చి కూచోవడం ఆనవాయితీ. కరెంటూ, యంత్రాల్లో దాచుకునే చోటూ రేషన్ మీద నడుస్తున్న కాలం అది. తీర్పులో వచ్చిన అంకె గీతకు కింద పడితే ఆ ఆట సాయంత్రం సైరనుకు కరిగింపుకు పోతుంది. ఆ తర్వాత ఏ యంత్రంలోనూ దాని ఆనవాలు ఉండదు, చేసినవాళ్ళ దగ్గర కూడా. మంచుకత్తి అప్పటికే గీతకు కింద ఉంది.

తీర్పరులందరూ ఒప్పుకుంటేనే ఏకమాట రాసిన తీర్పు బయటికి వస్తుంది. ఒప్పుకోనని ఇంతవరకు ఎవరూ అనలేదు. ఒప్పుకోకపోతే కుర్చీ పోతుంది, కుర్చీతో పాటు మేడ వెనక ఇచ్చిన గదీ పోతుంది. నూకరత్నానికి ఆ గది తప్ప ఈ లోకంలో చోటు లేదు.

టీ తాగి ఆమె మళ్ళీ ఆటలోకి దిగింది. కోట దాటాక వంతెన. వంతెన మీద ఒక్కడే కుర్రసైనికుడు. వాడు నోరు తెరవగానే, కోటలో అందరి దగ్గరా చేసినట్టే, ఆమె వేలు అలవాటుగా దాటుమీట మీదికి పోయింది. నాడి పడుకునే చోట దాటెయ్యమని తీర్పరులకు మొదటి వారంలోనే నేర్పుతారు. తర్వాత అది రెప్ప వేసినంత సులువుగా జరిగిపోతుంది. కానీ ఇవాళ వేలు మొరాయించింది. పోనీలే, కాసేపు చెయ్యి వాల్చుకుందాం అనుకుందామె.

"నా పేరు సయెకిచి," అన్నాడు వాడు. "నది ఎగువన గొడుగులు చేసే ఊరు మాది. మా నాన్న కంజో. ఈ వంతెన కాయమని నన్ను ఇక్కడ పెట్టారు. నీ పేరేమిటి?"

అని ఆగాడు. మంచు పడుతూనే ఉంది. వాడు కత్తి దూయలేదు. తెర అడుగున చిన్న చెవి గుర్తు వెలిగింది. ఆట తన గొంతు కోసం చూస్తోందని నూకరత్నానికి అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. చుట్టూ ఎవరైనా వింటున్నారేమోనని చూసి, సిగ్గుపడుతూ "నూకరత్నం" అంది.

వాడు నడుము వంచి దండం పెట్టాడు. తర్వాతే కత్తి దూశాడు. ఆమె వాణ్ణి చంపింది. చంపకపోతే వంతెన దాటనివ్వడు. వాడి పేరు తెర మూలన సన్నని అక్షరాల్లో నిలిచిపోయింది.

వంతెనకవతల సత్రం. అరుగు మీద ముసలమ్మ. దేశంలోని తీర్పరులందరూ లోపం కింద వేసిన ముసలమ్మ ఈసారి లేచి ఎదురొచ్చింది.

"వంతెన మీంచి వచ్చావా తల్లీ? మా సయెకిచి కనిపించాడా?"

దాటుమీట నొక్కినవాళ్ళకు ఆ పేరు తెలియదు. పేరు తెలియనివాళ్ళను ముసలమ్మ ఏమీ అడగదు, మొహంలోకి చూసి ఊరుకుంటుంది. అంతే సంగతి.

నూకరత్నం చేతులు ఒళ్ళో పడిపోయాయి. ఆమె పెనిమిటి సూరప్పడు నడిసముద్రంలో గాలిమరల పనికి వెళ్ళాడు. వెళ్ళిన లాంచీ తిరిగొచ్చింది, అతను రాలేదు. రేవు గేటు దగ్గర నిలబడి, దిగివచ్చిన ప్రతి మనిషినీ మావోడు కనిపించేడా అని అడిగింది. అందరూ తల దించుకుని చకచకా పక్కనుంచి వెళ్ళిపోయారు. తెలియక వెళ్ళారో, తెలిసి చెప్పలేక వెళ్ళారో ఈరోజుకీ ఆమెకు తెలియదు. అదే పురుగులా తొలుస్తూ ఉంటుంది.

తెర మీద రెండు జవాబులు వెలిగాయి: కనిపించాడు, కనిపించలేదు. నూకరత్నం రెండూ ముట్టుకోలేదు. చెవి గుర్తు ఇంకా వెలుగుతూనే ఉంది.

"కనిపించేడమ్మా," అంది. "పేరు సెప్పేడు. ఊరు సెప్పేడు. నాకు దండం పెట్టేడు. సంపింది నేనే."

ముసలమ్మ విన్నది. మెల్లగా వెనక్కి తిరిగి, లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. నూకరత్నం ఎంతసేపు నిలబడినా ఆ తలుపు తెరుచుకోలేదు.

తెర పక్కన ఏకమాట అక్షరాలు దిగాయి: వంతెన, సత్రం. నాడి అట్టడుగు. తీవ్రమైన విసుగు. తీర్పు: గీతకు కింద. ఒప్పుకోలు?

"నొక్కెయ్ రత్నమ్మా, సైరనేలైపోతంది," అన్నాడు తవిటినాయుడు వెనకనుంచి.

"ఇది విసుగు కాదు నాయుడూ."

"మరేటి?"

"ఏటో నాకూ తెలీదు. విసుగు మాత్రం కాదు."

"తెలీందాన్ని ఏకమాట ఎక్కడ రాస్తాదే?"

"అందర్నీ మళ్ళీ ఆడమను. దాటుమీట ముట్టుకోకండా వంతెన ఎక్కమను. అప్పుడు నొక్కుతాను."

తవిటినాయుడు నవ్వబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయాడు. "మతుండే మాటాడతన్నావా? నీ గది పోద్ది. ఈ వయసులో ఎక్కడికెల్తావు?"

"అదే నాకూ బయంగా ఉంది," అంది నూకరత్నం. ట్రంకు పెట్టె ఎవరింట్లో పెట్టాలా అని అప్పుడే బెంగ మొదలైంది. అయినా నాడిపట్టీ విప్పి బల్ల మీద పెట్టింది. పట్టీ కాసేపు ఆమె కోసం వెతుక్కుని ఆరిపోయింది.

సైరను మోగింది. వీధిలో పెద్ద తెర మీద మంచుకత్తి బొమ్మ పడింది, దాని కింద అంకె ఉండవలసిన చోట ఏమీ లేదు. తీర్పు లేని ఆటను కరిగించడం కరిగింపుకు తెలియదు. వరసలో దాని వెనక చేరినవన్నీ అక్కడే ఆగిపోయాయి. మేడలో ఫోన్లు మోగడం మొదలైంది.

"వైజాగే గదా నిలిపేసింది?" కడప తీర్పరి గొంతు తవిటినాయుడి చేతిలోని ఫోనులోంచి పైకే వినిపిస్తోంది. "ఏముందంటప్పా ఆ వంతెన మీద?"

"నాకేటి తెలుసు? నేనూ దాటేసినోణ్ణే," అన్నాడు తవిటినాయుడు. ఫోను పెట్టేసి నూకరత్నం వంక చూశాడు. తర్వాత ఖాళీ అయిన ఆమె కుర్చీ వంక చూశాడు.

ఆమె మెట్లు దిగింది. వీధి గుమ్మం దగ్గర జనం మూగి, ఆట ఎలా ఉందని ఒకరినొకరు అడుగుతున్నారు. ఎవరికీ ఏం చెప్పాలో తోచడం లేదు. భానోజీ ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎంతొచ్చిందమ్మా?"

"ఏవీ రాలేదు బాబూ." ఆమె బల్ల మీద కూలబడింది. "ఆ ముసలమ్మ తలుపెందుకేసుకుంది?"

భానోజీ ఆమె మొహంలోకి తేరిపార చూశాడు. "మీకు తలుపు కనిపించిందా?" అన్నాడు. "సంపింది నేనేనని ఎవులైనా సెప్తే ఆవిడేటనాలో మాకు తెలీలేదమ్మా. మాలో మేం సానా కొట్టుకున్నాం. ఒకడు ఏడిపిద్దామన్నాడు, ఇంకొకడు తిట్టిద్దామన్నాడు. ఏదీ బాగోలేదు. ఆకరికి లోపలికి పంపించేసేం." ఆమె వైపు వంగి అడిగాడు. "అది లోపమేనా?"

ఎన్నో ఆటలు నూకరత్నం చేతుల మీదుగా కరిగింపుకు పోయాయి. ఒక్కదాని గురించీ ఆమెనిలా ఎవరూ అడగలేదు.

"ఉండు బాబూ," అంది. "ఆలోసించనీ."