పీచు తీసిన కాయ

తనను కాపాడింది దేవుడా, హెల్మెట్టా? మూడేళ్లుగా శివకుమార్ తేల్చుకోలేని సందేహం అది.

హబ్సిగూడలో బండి జారి తల డివైడర్‌కు కొట్టుకున్న రోజున, కొడుకు చేత్తో కొబ్బరికాయ కొట్టిస్తానని తల్లి కాశమ్మ ఆంజనేయస్వామికి మొక్కింది. "తేలకుండ ఎట్ల కొడతనమ్మా?" అంటూ అతను దాటవేస్తూ వచ్చాడు. ఆవిడ హెల్మెట్‌నూ వదల్లేదు. ప్రతి దసరాకూ బండితోపాటు దానికీ పసుపు, కుంకుమ.

ఆ బొట్టు హెల్మెట్‌తోనే క్యాంపస్ లైబ్రరీ ముందు స్నేహితురాలు ధరణి దగ్గర బండి ఆపాడు. చినుకులు మొదలయ్యాయి.

"ఎక్కు. తార్నాక మెట్రో దాంక దింపుత."

ధరణిది అమలాపురం. ఇక్కడ మెటీరియల్స్ ల్యాబ్‌లో పరిశోధన చేస్తోంది.

"బొట్టు పెట్టుకున్న హెల్మెట్‌ని ఇప్పుడే చూస్తున్నాను. పెళ్లయిందా దానికి?"

"నవ్వకు. నా పానం కాపాడింది గిదే."

ఆమె నవ్వు ఆగిపోయింది. "దెబ్బ తిన్నదా ఇది? ఇలా ఇవ్వు."

లోపలి గుడ్డ తప్పించి, అతని వేలు పట్టుకుని తడిమించింది. తెల్లటి థర్మాకోల్ ఒకచోట అణిగి గుంటపడి ఉంది. అతనికి మాత్రం గుంట కన్నా ఆ చేతి వెచ్చదనమే ముందు తెలిసింది.

"పైన పెంకు మంచిగనే ఉన్నది గద?"

"మా తోటలో కొబ్బరికాయ చెట్టు మీంచి పడ్డా పగలదు. పీచు నలిగి, ఆ దెబ్బ తను తింటుంది. ఇదే నీ పీచు. ఒకసారి నలిగితే మళ్లీ లేవదు. మూడేళ్లుగా పీచు తీసిన కాయతో తిరుగుతున్నావు!"

"అమ్మ పారెయ్యనియ్యదు."

"అయితే నేను ఎక్కను. నువ్వు ఎక్కినా నాకు భయమే." అనేసి నాలుక కరుచుకుంది.

"నీకెందుకు భయం?"

"వాన పెద్దదవుతోంది. నడు."

బండి తోసుకుంటూ, తడుస్తూ దగ్గర్లోనే ఉన్న శివకుమార్ ఇల్లు చేరారు. ధరణి చెప్పిందంతా విని కాశమ్మ ఆ గుంటను మెల్లగా నిమిరింది.

"నా కొడుకు దెబ్బ ఇది తిన్నదా! ఇంక దీన్ని కష్టపెట్టొద్దురా. దేవుని అర్రల పటాల పక్కన పెట్టు." తర్వాత ధరణి వైపు తిరిగింది. "మరి కాయకు పీచు చుట్టినోడు ఎవరు బిడ్డా?"

పరిశోధకురాలు నవ్వేసింది. శివకుమార్‌కు మాత్రం మూడేళ్ల సందేహం తేలినట్టయింది: ఇద్దరూ కలిసే కాపాడారు.

శనివారం గుడి ముందు బండి ఆగింది. ఇద్దరి తలల మీదా కొత్త హెల్మెట్లు.

"ఇప్పుడన్న చెప్పు. నీకెందుకు భయం?"

"వెనక సీటు నాది కాబట్టి. చాలా?"

ముందే వచ్చి నిలబడ్డ కాశమ్మకు అది వినపడనే వినపడింది.

"ముచ్చట్లు తర్వాత. నువ్వు గూడ కాయకు చెయ్యి పట్టు బిడ్డా."

"అలాగే ఆంటీ."

"ఆంటీ ఏంది? అత్తమ్మ అను."

రెండు చేతులూ కలిసి లేచాయి. పీచు తీసిన కాయ ఒక్క దెబ్బకు పగిలింది. మూడేళ్ల మొక్కు తీరింది.