కాలిపెత్ర కోటలో బానలు తెరిచిన రోజు

సముద్రంలోకి చొచ్చుకుపోయిన నల్లరాతి గుట్టపై యవనులు కట్టుకున్న కాలిపెత్ర కోటను ఉత్తరదేశపు రాజు శీతకాలమంతా ముట్టడించి కూర్చున్నా, కొండవాలు ద్రాక్షతోటలను బూడిద చేసినా, రేవులో ఒక్క నావను మిగల్చకపోయినా, వసంతం రాగానే ఆ కోటవాసులు తమ పండుగ మానలేదు. కిందటి శరత్తులో తొక్కిన ద్రాక్షరసం, లోపల దేవదారు బంక పూసి మెడదాకా మట్టిలో పాతిన బానల్లో పులిసి పక్వమై ఉంటుంది. తొలిపూలు పూసిన రోజున మూతలు తీసి, మొదటి ధార దేవతలకు వదిలి తాగడం వారి తాతముత్తాతల నాటి ఆచారం. ఆకలికి సగమైన ముఖాలతో, అయినా తలల నిండా పూలతో, జనం రాజప్రాంగణంలో గుమిగూడారు.

సేనాపతి నికాండ్రుడు ఆ సందడి నడుమ నిలబడ్డాడన్న మాటేగాని అతనికి ఏదీ అంటడం లేదు. కిందటి నెలలో సముద్రం వైపు దిడ్డివాకిట గడియ తీస్తున్న ద్రోహిని అతను పట్టుకున్నాడు. ఆ ద్రోహి అతని ఒక్కగానొక్క కొడుకు లైకోనుడు. బయట శత్రువుల పడవ సిద్ధంగా ఉంది. ఎవరు చేయించారని అడిగేలోపే కొడుకు కత్తి దూశాడు, తండ్రి కత్తి ముందు దిగింది. శత్రుబాణానికి కూలాడని నికాండ్రుడు చెప్తే కోటంతా నమ్మి, వీరుడికి చేయవలసిన మర్యాదలన్నీ చేసి దహనం చేసింది. తల్లి థియానో ఆ గర్వం ఒక్కటే పట్టుకుని బతుకుతోంది. నికాండ్రుడికి మాత్రం ఆనాటినుంచి ఏడుపు రాలేదు, ఆకలి తెలియలేదు, భుజాన ఈటె గీరుకుపోతే ఎవరో చెప్పేదాకా చూసుకోలేదు.

మంత్రి క్రాటిప్పుడు లేచి గొంతు సవరించుకున్నాడు. తేనె పూసిన కత్తి అంటారే, ఆ బాపతు మనిషి.

"మహారాణీ, ఏటా ఎవరి కుటుంబంతో వారు తాగుతాం. ఈ ఏడు మనమంతా ఒకే కుటుంబం. నాయకులందరూ ఒకే పాత్రలో తాగి, కోటను విడువబోమని ప్రమాణం చేద్దాం. మొదటి గుక్క సేనాపతులవారిది."

జనం హర్షించారు. పరిచారకులు యవనుల పద్ధతిన ఒక వంతు ద్రాక్షరసానికి మూడు వంతుల నీరు కలిపి, వెండిపాత్ర నింపి నికాండ్రుడి చేతుల్లో పెట్టారు. రక్తబంధువును చంపినవాడు తాగిన పాత్రలో తాగితే ఆ పాపం తాగినవారందరినీ చుట్టుకుంటుందని యవనుల నమ్మకం. తాగితే నాయకులందరూ, వారితో సైన్యమంతా మైలపడుతుంది. తాగకపోతే ప్రమాణానికి వెనుదీసిన ద్రోహి తానవుతాడు. అతను పాత్ర పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"చూశారా దేవీ, సేనాపతికి ప్రమాణం చేదైంది. ఎవరికి అమ్ముడుపోయారో ఏమో!" అన్నాడు మంత్రి. సైనికుల్లో గుసగుసలు రేగాయి. కత్తి తీసి కింద పెట్టమని ఎవరో అరిచారు కూడా.

భర్త పోయాక రాజ్యం మోస్తున్న రాణి యూరినోమ తొందరపడే మనిషి కాదు. "అమాత్యా, ఈ ప్రమాణం మీ ఆలోచనే కదా. సేనాపతి చేతిలో పాత్ర అందుకుని ముందు మీరే తాగండి" అంది.

మంత్రి రెండడుగులు వెనక్కి వేశాడు. ఒంట్లో బాగాలేదనీ, వైద్యుడు మందు కలిపిన రసం విడిగా ఇచ్చాడనీ చెబుతూ వస్త్రం చాటునుంచి చిన్న ముంత బయటికి తీశాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టయింది అతని పని.

నికాండ్రుడు ఆ ముంతవైపు చూశాడు. తన చేతికి అంటిన రక్తం ఎవరిదో తెలిసినవాడే ఈ పాత్రకు భయపడాలి. తాను ఎవరికీ చెప్పలేదు, చచ్చినవాడు చెప్పలేడు. గడియ తీయడానికి వాణ్ణి పంపినవాడికే, శత్రువులు వాణ్ణి కొట్టరని, బాణం మాట అబద్ధమని తెలుస్తుంది. నోరు మూసుకుంటే కొడుకు వీరుడిగానే మిగులుతాడు, కోట మాత్రం ఈ మంత్రి చేతికి పోతుంది. ఆడవాళ్ల వరుసలో నిలబడిన థియానో ముఖం చూడడానికి అతనికి ధైర్యం చాలలేదు.

"మహారాణీ, నా కొడుకు శత్రుబాణానికి చావలేదు. దిడ్డివాకిలి తెరుస్తుంటే నేనే చంపాను. ఆ సంగతి నాకూ, వాణ్ణి అక్కడికి పంపినవాడికీ తప్ప మూడోవాడికి తెలిసే దారి లేదు. మంత్రిగారు విడి ముంత ఎందుకు తెచ్చుకున్నారో అడగండి."

అడగవలసిన అవసరం రాలేదు. క్రాటిప్పుడు పారిపోబోయి భటులకు చిక్కాడు. సేనాధిపత్యం ఇప్పిస్తానని ఆ కుర్రవాణ్ణి మభ్యపెట్టినట్టు సాయంత్రానికల్లా ఒప్పుకున్నాడు.

కాని ఆచారం ఆచారమే. రక్తబంధువును చంపినవాడితో ఎవరూ పంక్తిలో కూర్చోరాదు. నికాండ్రుడు పూలదండ తీసేసి గుమ్మంవైపు నడుస్తుంటే రాణి ఆపింది. "ఈ పూట ఎవరి ముంత వారిదే. నేను కూడా విడిగానే తాగుతాను. ఎవరూ ఎవరితోనూ మాట్లాడరాదు. అప్పుడు సేనాపతి ఒక్కడే వేరుగా కూర్చున్నట్టు ఉండదు" అంది.

ముంతలు పంచారు. అంత జనంలో చిన్న చప్పుడు లేదు. దేవతలకు కొంత, చనిపోయిన ఆత్మీయులకు కొంత నేలకు వదలాలి. దేశద్రోహికి మాత్రం ఒక్క చుక్క వదలకూడదు. నికాండ్రుడు తన ముంత మొత్తం కొడుకు పేరున నేలమీద వంచేశాడు. అందరూ చూశారు, ఎవరూ అడ్డు చెప్పలేదు.

ఖాళీ ముంతతో కూర్చున్న అతని దగ్గరికి థియానో వచ్చింది. తన ముంతలో సగం తాగి, మిగిలిన సగం అతని పెదవులకు అందించింది. పాపం చుట్టుకుంటుందని అతను తల తిప్పుకుంటే, గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. దేవదారు బంక వగరు నాలుకకు తగిలింది. నెల తర్వాత అతనికి తెలిసిన మొదటి రుచి అది. అప్పుడు వచ్చింది ఏడుపు.