పసుపు చుక్క

మాన్కోలి గోదాముల వెనక రోడ్డు మీద విఠల్ కారు స్టార్ట్ కాలేదు. దిగి బానెట్ ఎత్తాడు. వెనకనుంచి ఒకే బుల్లెట్.

పదకొండేళ్లు మారుపేర్లతో పనిచేసిన ఆ సీక్రెట్ ఏజెంట్ సొంత పేరు ఒక్కరోజే పేపర్లో వచ్చింది. అదీ నూలు బ్రోకర్‌గా.

మూడు నెలల తర్వాత అదే మగ్గాల ఊళ్లో, ధామన్కర్ నాకా కూడలిలో, ఒక నూలు దుకాణం పైగదిలో, చీఫ్ శోభ ఫైలు తెరిచింది.

"విఠల్ కారులో ఫ్యూయల్ పంప్ రిలే మాయమైంది. అగ్గిపెట్టెలో సగం ఉండే నల్ల ముక్క. అది లేకపోతే పంపుకు కరెంటు లేదు, ఇంజిన్‌కు పెట్రోలు లేదు. ఎవరు తీశారో తెలియదు."

ఏజెంట్ లక్ష్మీనర్సయ్య ఫైలును దగ్గరికి లాక్కున్నాడు. విఠల్, అతను ఒకే పవర్‌లూమ్ షెడ్డులో పెరిగారు.

"విదేశీ ముఠాకు ఇక్కడి మనిషి వైభవ్. బయటి దేశాల్లో పనిచేస్తున్న మన ఏడుగురి పేర్లు ఒక మెమరీ కార్డులో ఉన్నాయి. ఇవాళ పన్నెండుకు అది పడవ ఎక్కితే, రాత్రికి ఏడు శవాలు. వైభవ్‌ను తన కారులో తెచ్చేది ప్రాజక్త. మన డబుల్ ఏజెంట్. కార్డు ఎక్కడుందో ఆమెకూ తెలియదట. కారు ఆపు. కార్డు పట్టు. ఇద్దరూ ప్రాణాలతో కావాలి."

"విఠల్‌ను సంపినోడు దొరికితే గూడనా మేడం?"

"వాడు కూడా. అది ఆర్డర్."

పదకొండు గంటలకు, షెడ్ల గల్లీలో పొద్దుటి నుంచి ఆపి ఉన్న ప్రాజక్త తెల్ల కారు స్టార్ట్ కాకుండా మొరాయించింది. దాని రిలే గంట క్రితమే నర్సయ్య జేబులోకి చేరింది. విఠల్‌కు ఏది జరిగిందో అదే జరగాలని అతనే పట్టుబట్టాడు. ఇప్పుడు అతనిది మెకానిక్ వేషం: మాసిన టోపీ, అతికించిన గడ్డం, చేతిలో పానాల సంచీ. ప్రాజక్త అతణ్ని ఎన్నడూ చూడలేదు.

ఇరువైపులా రెండు వందల మగ్గాలు దడదడలాడుతున్నాయి.

"ఏ మిస్త్రీ! జల్దీ దేఖ్!" వైభవ్ అరిచాడు.

"లైట్లెయ్యి సేట్." లైట్లు ధగధగా వెలిగాయి. "బ్యాటరీ మంచిగుంది. ఇగ చాబీ తిప్పు." ఆ మోతలో స్టార్టర్ చప్పుడు ఎవరికీ వినబడదు. నర్సయ్య ఇంజిన్ మీద అరచెయ్యి ఆనించాడు. తిరుగుతోంది. "స్టార్టర్ గూడ మంచిదే. ఎనక సీటు మీద చెయ్యి పెట్టు. చాబీ ఆన్ చెయ్యంగనే కింద పంపు జుయ్యిమని అదురుతదా?"

వైభవ్ ఒంగి సీటు తడిమాడు. "కుచ్ నై రే!"

"గట్లయితే పెట్రోలు వస్తలేదు. వైర్లు సూడాలె. గింతసేపు పడ్తది."

"నీ గింత గట్లనే ఉంటది. గంట చేసినవనుకో, పెట్రోలు బదులు నిన్నే పోస్త." వైభవ్ కసిరాడు.

నర్సయ్య బానెట్ కిందికి ఒంగాడు. బానెట్‌కూ అద్దానికీ మధ్య వేలెడు సందు. అందులోంచి ముందు సీట్లో ఇద్దరి పెదవులూ కనిపిస్తున్నాయి.

"కార్డు పైలమేనా?" వైభవ్ పెదవులు.

"నా లిప్‌స్టిక్‌ల ఉన్నది. శోభకు ఎక్కడున్నదో తెల్వదని చెప్పిన." ప్రాజక్త నవ్వింది. అందమైన నవ్వు.

నర్సయ్య తల ఎత్తకుండా పానా తిప్పుతూనే ఉన్నాడు.

ప్రాజక్త కారు దిగింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర పెదవులు. "జరుగు మిస్త్రీ. పంపు తిరుగుతలేదంటే రిలే కావచ్చు." ఫ్యూజ్ బాక్స్ మూత తీసింది. లోపల ఖాళీ. ఒక్క క్షణం నర్సయ్య ముఖంలోకి చూసింది. పర్సులోంచి మరో రిలే తీసింది.

దాని నెత్తిన పసుపు రంగు చుక్క.

షెడ్డులో ప్రతి కార్మికుడూ తన నూలు కండెలు పక్కవాడి కండెల్లో కలవకుండా రంగు గుర్తు పెట్టుకుంటాడు. విఠల్ గుర్తు పసుపు చుక్క. ఉద్యోగం మారినా అలవాటు పోలేదు. పెన్నుకు, టిఫిన్‌డబ్బాకు, కారులో ప్రతి ముక్కకు పెట్టాడు. డిపార్ట్‌మెంట్ విఠల్‌కూ ప్రాజక్తకూ ఒకే మోడల్ కారు ఇచ్చింది కనుక, అతని కారులోంచి పీకిన రిలే స్పేర్‌గా పనికొస్తుందని ఆమె దాచుకుంది. చుక్కను కంపెనీ గుర్తనుకుంది.

రిలే నొక్కింది. వైభవ్ తాళం తిప్పాడు. నర్సయ్య అరచేతి కింద ఇంజిన్ బతికింది.

ఆమె బానెట్ దించి, సీట్లో కూర్చుని, వైభవ్ చెవిలో ఏదో చెప్పింది. కిటికీలోంచి పిస్టల్ బయటికొచ్చింది. "హట్! చేతులు పైకి!"

నర్సయ్య చేతులు ఎత్తాడు. తల మీద మణికట్లు రెండూ అడ్డంగా కలిపాడు.

మోతలో మాట పనిచెయ్యని చోట అది సైగ: బంద్ చెయ్.

షెడ్డు గుమ్మంలో కండెలు చుడుతున్న అతని మేనత్త ఆగమ్మ చూసింది. లేచి గల్లీ మెయిన్ స్విచ్ దించింది.

గల్లీ మొత్తం ఒక్కసారిగా మూగబోయింది. కరెంటు పోతే ఉక్కలో ఎవడూ లోపల ఉండడు. బనియన్లతో, లుంగీలతో వందమంది టీ కోసం బయటపడ్డారు. కారు పది అడుగులు పోయి జనంలో ఇరుక్కుంది. వైభవ్ హారన్ కొట్టాడు. బనియన్లవాళ్లలో నలుగురు లుంగీ మడతల్లోంచి పిస్టళ్లు తీశారు. వాళ్లు శోభ మనుషులు.

వైభవ్‌ను కిందికి లాగారు. అతని పిస్టల్ నర్సయ్య చేతికొచ్చింది. దాని మొన ప్రాజక్త నుదుటి మీద ఆగింది.

"లిప్‌స్టిక్ ఇయ్యి."

ఆమె రంగు దిగిపోయింది. "ఎట్ల తెలిసింది?"

"గీ మోతల మేం చెవులతోని వినం. కండ్లతోని వింటం."

లిప్‌స్టిక్ అడుగున కార్డు. పదకొండున్నర. ఏడుగురూ బతికారు.

పిస్టల్ కదల్లేదు. చెవిలోని ఇయర్‌ఫోన్‌లో శోభ గొంతు: "నర్సయ్యా. ఆర్డర్."

అతను పిస్టల్ దించాడు. ఇంజిన్ ఆపి, బానెట్ ఎత్తి, పసుపు చుక్క రిలే పీకి ఆమె కళ్ల ముందు పెట్టాడు.

"నేను కాలిస్తే ఒక్క నిమిషంల అయిపోతది. గది నీకు తక్కువ. ఇది కోర్టుల మాట్లాడ్తది. ప్రతి తారీఖుకు దీన్ని సూసుకుంట కూసో. ముసలిదానివయ్యే దాక."

రుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆమె కారు రిలే ఆమె కారుకే బిగించాడు. మొదటి తిప్పుకే స్టార్టయింది. నిందితులు ఇద్దరూ వెనక సీట్లో, చేతులకు బేడీలతో, పంపు జుయ్యిమనడం ఇప్పుడు స్పష్టంగా విన్నారు.

ఆగమ్మ కిటికీ దగ్గరికొచ్చింది.

"బండి చాలూ చేసినవ్, మంచిగుంది బిడ్డా. రెండు వందల మగ్గాలు బంద్ చేయిస్తివి. షెడ్డు సేటుకు నేనేం చెప్పాలె?"

నర్సయ్య మూడు నెలల్లో మొదటిసారి నవ్వాడు.

"రిలే పోయిందని చెప్పు అత్తా."