అద్దం మీది నాలుగు వరసలు

సుందరి లోపలికి వస్తూనే తలుపు గడియ వేసింది. కిటికీ సందులోంచి వీధి చూసింది. మిట్టమధ్యాహ్నం, ఒక కుక్క తప్ప ఎవరూ లేరు. అయినా కిటికీ రెక్క కూడా మూసేసింది.

డిటెక్టివ్ పట్టాభిరామన్ చదువుతున్న తెలుగు పుస్తకం మూశాడు. నగరి పక్క పల్లెబడిలో నేర్చిన అక్షరాలను ఆయన పుదుచ్చేరి వచ్చినా వదలలేదు. సహాయకుడు శ్రీరామ్ పుదుచ్చేరిలోనే పుట్టాడు. ఇంట్లో తెలుగే మాట్లాడతాడు గాని అక్షరం ముక్క రాదు. ఆయన చదువుతుంటే మంత్రగాణ్ణి చూసినట్టు చూస్తాడు.

"నా బిడ్డను చంపేస్తారు సార్," అంది సుందరి.

భర్త పోయాక బజారులో పాత్రల అంగడి ఆమే నడుపుతోంది. రెండు నెలల కింద పాత కారును కురుచికుప్పంలో చేపల వ్యాపారి మునికి అమ్మి, కొత్తది కొంది. అయిదు నెలలు నడిచిన ఇన్సూరెన్స్ పాలసీని ఏజెంటు కేశవన్ కొత్త కారుకు మార్పించాడు. మూడు వారాల కింద ఆ కారు అద్దం మీద ఒక ఉత్తరం కనిపించింది.

"తెలుగులో ఉండింది. మాకు చదవను రాదు. కేశవన్ అన్న చదివినాడు. 'నీ పాత కారు బాహూరు రోడ్డులో మా నాయన్ని తొక్కి చంపింది. కొత్త బండి రోడ్డెక్కితే నీ బిడ్డనూ అట్లే చంపుతాం' అని ఉందంట."

"పోలీసుల దగ్గరికి పోలేదా?"

"పాత బండి ఇంకా నా పేరులోనే ఉందంట. దాని పాలసీ కొత్తదానికి పోయింది గదా, పోలీసుల దగ్గరికి పోతే నువ్వే జైలుకు పోతావన్నాడు. ఉత్తరం కూడా ఆయనే పెట్టుకున్నాడు."

అప్పటినుంచి కారు మేట్టుపాళయంలో ఒక షెడ్డులో టార్పాలిన్ కింద ఉంది. కూతురు అనుప్రియ బడి మానేసింది. సుందరి గొంతు తగ్గింది.

"పోయిన వారం మా అత్త అమ్మాయమ్మ పక్షవాతమొచ్చి పడిపోయింది. కారు తీసేదానికి భయం. ఆటో దొరికేసరికి గంటయింది. ఇప్పుడు ఆమెకు మాట పోయింది, కుడి చెయ్యి ఆడదు. రేపు అంగడి మూసి బిడ్డతో ఊరు విడిచి పోతాను సార్."

"ఉత్తరం ఎంత ఉండింది?"

"నాలుగు వరసలు."

"అందులో మీకు తెలిసిందేమీ లేదా?"

"అంకెలు తెలుస్తాయి గదా. కొత్త కారు నంబరు ఉండింది. కింద 6,140 అని ఉండింది. ఎక్కడో చూసినట్టే ఉండె, అదేంది అన్నా అంటే, చచ్చినాయన ఆస్పత్రి ఖర్చు అన్నాడు."

"పాత కారు నంబరు?"

"లేదు సార్."

పట్టాభిరామన్ ఆమె తెచ్చిన కాగితాలు చూశాడు. పాలసీ మార్పుకు కేశవన్ ఇచ్చిన రసీదు మీద ఆయన వేలు ఒకచోట ఆగింది. "ఒక్కరోజు ఆగండి," అన్నాడు.

కురుచికుప్పంలో ముని పాత కారు వెనక సీటు పీకేసి చేపల పెట్టెలు సర్దుతున్నాడు.

"బాహూరా? అక్కడి చెరువు చేపకు నేనేల పోతాను సామీ? నాది సముద్రం చేప. ఆ దోవే తెలీదు నాకు."

బాహూరు స్టేషన్లో అడిగితే, ఆ రోడ్డులో రెండు నెలలుగా ఎవరూ చనిపోలేదన్నారు. పట్టాభిరామన్ ఇన్సూరెన్స్ కంపెనీకి ఫోన్ చేసి పాలసీ నంబరు చదివాడు. అవతలివాళ్ల జవాబు కాగితం మీద రాసుకున్నాడు. సాయంత్రం కేశవన్ ఆఫీసులో పనిచేసే విద్యను ఒంటరిగా కలిశాడు.

మర్నాడు పొద్దున అందరూ అంగడి వెనక గదిలో చేరారు. సుందరి, అనుప్రియ, ముని, చివరగా కేశవన్. పట్టాభిరామన్ అతనితో తమిళంలో మాట్లాడి, మడిచిన కాగితం ఇచ్చాడు.

"మళ్లీ ఒకటొచ్చింది. మీరే చదవాలట."

కేశవన్ చూశాడు. నుదుట చెమట పట్టింది. ఒకసారి అందరి ముఖాలూ చూసి గొంతు సవరించుకున్నాడు.

"'ఊరు విడిచి పోయినా వదలం. బండి కదిలితే బిడ్డ దక్కదు.'"

అనుప్రియ తల్లిని కరుచుకుంది.

"అక్కడున్నది చదువు కేశవన్," అన్నాడు పట్టాభిరామన్. ఈసారి తెలుగులో. "నేను చదవనా? 'ఈ కాగితం చదివి వినిపించేవాడే దొంగ. 6,140 ఏమైంది?' నా చేత్తో రాశాను."

కేశవన్ కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"బండి మధ్యలో మారిస్తే, మిగిలిన నెలలకు తేడా కట్టాలి. కొత్తది ఖరీదైన బండి, అందుకే 6,140. నీ రసీదులో ఉన్నది అదే అంకె. చచ్చినవాడి ఆస్పత్రి ఖర్చు సరిగ్గా అంతే ఎట్లా అయింది? పాత కారు మీద పగబట్టినవాడు కొత్త కారు నంబరు ఎందుకు రాస్తాడు? కంపెనీ లెక్కలో పాలసీ ఇంకా పాత నంబరు మీదే ఉంది. డబ్బు నువ్వు తిన్నావు, ఆమెకు దొంగ కాగితం ఇచ్చావు. కొత్త కారు ఎక్కడైనా గుద్దుకుంటే బయటపడతావు. ఇంకో అయిదు నెలలు, పాలసీ ముగిసేదాకా, అది రోడ్డెక్కకూడదు. అందుకు ఈ బిడ్డ ప్రాణం అడ్డం పెట్టావు."

"మరి ఆ ఉత్తరం రాసిందెవరు సార్?" అన్నాడు శ్రీరామ్.

తలుపు బయట నిలబడి వింటున్న విద్య లోపలికొచ్చి సుందరి వైపు తిరిగింది.

"నేనేనండీ. ఇంట్లో తెలుగే మాట్లాడతారు గదా, చదువుతారనుకున్నా. పేరు పెడితే ఉద్యోగం పోతుందని పెట్టలేదు." ఆమె తల వంచుకుని చెప్పింది. "'అమ్మా, ఈ నంబరు కొత్త కారుకు ఇన్సూరెన్స్ లేదు. మీరిచ్చిన 6,140 కేశవన్ కట్టలేదు. కంపెనీకి పోయి అడగండి.' అంతే రాశాను. ఆయన చేతికే ఇస్తారని నాకేం తెలుసు."

శ్రీరామ్ పోలీసులకు ఫోన్ చేస్తున్నాడు.

"అక్కా, ఆరువేలే గదా," కేశవన్ జేబులోంచి నోట్లు తీశాడు. "ఇప్పుడే ఇచ్చేస్తా. పోలీసులొద్దు, మాటతోనే తేల్చుకుందాం అక్కా."

"ఆ దుడ్డు తీసకపోయి మా అత్త ముందర పెట్టు," అంది సుందరి. "ఆమె సరే అని నోటితో చెప్తే, వదిలేస్తాను."