ఇరవై మూడు మంది పిల్లలు

2008 నవంబర్ 21. ఉదయం 6:40కి ఉలిగమ్మ శవం బావిలో తేలింది.

పెనుకొండ దగ్గర గుట్టకిందపల్లి బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి. ముందురోజు మూడు పేపర్ల జిల్లా పేజీల్లోనూ ఆమె పేరు వచ్చింది. 'గుడ్డుకూర తిని 23 మంది పిల్లలకు అస్వస్థత.' సాయంత్రానికి వంటకు రావద్దని ఆఫీసు నుంచి కబురు. మా పిల్లోళ్ళకు ఏమీ కాలేదని తల్లులు మొత్తుకున్నా వినేవాళ్ళు లేరు. పేపర్లో పడింది కదా!

ఎస్సై పోతులయ్య హాజరుపట్టీ తిరగేశాడు. బడిలో ఉన్నదే పదిహేడు మంది. ఇరవై మూడు మంది ఎట్లా జబ్బు పడ్డారు? అతనికి ఒళ్ళు మండింది.

విలేకరి బసవరాజును పిలిపించాడు.

"నువ్వు పోయి చూసినావా?"

"లేదు సార్. ఇంటర్నెట్లో, ఆర్కుట్‌లో మన పెనుకొండ గ్రూపులో ఉన్నింది. గుట్ట కింద బడి అని. మన గుట్టకిందపల్లే అనుకుంటి. మిగతా రెండు పేపర్లోళ్ళూ నా దగ్గర రాసుకున్నారు. మాలో ఒకరు పోతే అందరూ పోయినట్టే."

"ఒక్కరూ పోలేదు కదప్పా! మరి ఆమె పేరు?"

"పేరు లేంది పేపరాఫీసు డెస్కు తీసుకోదు సార్. కనుక్కొని పెట్టినా."

పోతులయ్య ఇంటర్నెట్ సెంటర్‌కు వెళ్ళాడు. పెనుకొండ గ్రూపుతో పాటు హిందూపురం, ధర్మవరం గ్రూపులూ తెరిపించాడు. మూడింటిలోనూ అదే తేదీ, నవంబర్ 18. అవే మాటలు. అంకెలే వేరు. పెనుకొండలో 23. హిందూపురంలో 21. ధర్మవరంలో 22.

సాయంత్రం 4:00. స్టేషన్. బసవరాజు ఉన్నాడు. ఉలిగమ్మ కూతురు దీపిక ఉంది. సోషల్ మీడియా నుంచి పత్రికల్లోకి వార్తలు ఎట్లా పాకుతాయని పీహెచ్‌డీ చేస్తున్న శ్రీదేవీ ఉంది.

"అబద్ధమాడేవానికి ఒక్క అంకె చాలు మేడమ్," అన్నాడు పోతులయ్య. "ఏ ఊరి అబద్ధం ఏ పేపర్లో తేలిందో చూసుకునేవాళ్ళకే మూడు కావాల. వార్త పడిన పొద్దే మీరు విలేకరుల దగ్గరికి ప్రశ్నల ఫారాలు పట్టుకొని వచ్చినారంట. అంత తొందరగా ఎట్లా తెలిసె?"

శ్రీదేవి చేతిలోని ఫారాలు బెంచీ మీద పెట్టింది.

"నేను ఎవరి పేరూ రాయలేదు సార్. గుట్ట కింద బడి అని ఊహించి రాశాను. ఎవరో ఒకరు వెళ్ళి చూసి, అబద్ధమని కొట్టేస్తారనుకున్నాను. తేల్చాలనుకున్నది అదే."

చదువుకున్న చదువంతా ఒక వంటమనిషి ప్రాణం మీదికి వచ్చింది.

"మా అమ్మది తప్పు లేదని పేపర్లో వస్తాదా సార్?" దీపిక అడిగింది.

"వస్తాదమ్మా. నేను దగ్గరుండి రాపిస్తా."

పోతులయ్య కేస్ డైరీలో శ్రీదేవి పేరు రాశాడు. బసవరాజు పేరు రాశాడు.

"అమ్మ పేరు చెప్పినోళ్ళను రాసుకోరా సార్?"

అతను తలెత్తాడు.

దీపిక బసవరాజును చూపించింది. "ఈయప్ప మా ఊరి అంగడికి ఫోన్ చేసె. సరుకులకు పోయి ఉంటి, నేనే ఎత్తినా. బడిలో వంట చేసేదెవరమ్మా, పేపర్లో ఏస్తాం అన్న్యాడు. అమ్మ వంటను పొగుడుతారేమో అనుకొంటి. సంబరంగా ఇంటిపేరుతో సహా చెప్పినా. నా పేరు కూడా రాసుకోండి సార్."

ఇరవై ఏళ్ళ సర్వీసులో పోతులయ్య స్టేషన్లో ఏడ్చింది ఆ ఒక్కసారే. డైరీ మూసేసి, పోయి ఆ పిల్ల పక్కన బెంచీ మీద కూర్చున్నాడు.