పసుపంటిన పిడుగుగాజు

మలయాలోని సుంగై సిపుట్ రైల్వే స్టేషన్‌లో పోలీసు తూటాకు చచ్చిన విదేశీ కొరియర్ జేబులో ఒక్కటే దొరికింది. వేలెడంత గాజు గొట్టం. పైన గరుకు ఇసుక, లోపల నున్నటి గాజు.

"ఇసుకలో పిడుగు పడితే ఇలా కరుగుతుంది," అన్నాడు స్పెషల్ బ్రాంచ్ ఇన్‌స్పెక్టర్ తంగరాజు, ఏజెంట్ సూరిబాబుతో. మలయాలో అందరిలాగే మాట చివర 'లా' తగిలిస్తాడు. "రెండో ముక్క తెలుక్ ఆన్సన్‌లో వాళ్ల ముఠా బాస్ దగ్గరుంది. రెండూ అతికితేనే బాంబు ఎక్కడుందో చెబుతాడు. దీనికి నకిలీ చెయ్యలేం లా! రేపే మెర్డెకా, స్వాతంత్ర్య దినం. పొద్దున్నే రత్నావతికివ్వు."

రత్నావతి క్లబ్ గాయని. ముఠా ఆమెను తమ గూఢచారే అనుకుంటోంది; నిజానికి ఆమె పోలీసుల మనిషి. మెర్డెకా కాగానే ఆమె మెడలో తాళి కట్టాలని సూరిబాబు ఆశ.

ఆ సాయంత్రం రబ్బరు ఎస్టేట్ ఇంట్లో సూరిబాబును తల్లి ఎర్రమ్మ అడిగింది. "ఏటిరా ఇది?"

"పిడుగు పడితే పుట్టినాదమ్మా."

స్నానం చేసి వచ్చేసరికి గొట్టం నిండా పసుపు, కుంకుమ.

"ఏటి సేసినావమ్మా!"

"ఆకాశం నుంచి దిగినాది, ఉత్తినే ఒగ్గీమంటావేటి? కోడలు బేగి రావాలని మొక్కినాను."

సూరిబాబు సబ్బుతో రుద్ది రుద్ది కడిగాడు.

మర్నాడు ముక్క అందుకుంటూ రత్నావతి నవ్వింది. "మొగం అలాగెట్టినావేటి? ఒక్క గంటలో వచ్చెత్తాను లా!"

ఆమె హ్యాండ్‌బ్యాగ్‌లో ట్రాన్స్‌మిటర్. వీధి చివర లారీలో సూరిబాబు ఒక్కడే, చెవులకు ఇయర్‌ఫోన్స్.

గాజు టక్కున అతికిన చప్పుడు. బాస్ గొంతు: "పడాంగ్ మైదానం. వేదిక కింద. మనవాళ్లను అటు పోవద్దని చెప్పు."

తర్వాత గాజును గోటితో గీకిన చప్పుడు.

"కొరియర్‌కు జ్వరమని, రైలు దిగి నేరుగా నీకే ఇచ్చాడని అన్నావు. మరి ఈ ఇసుకలో పసుపు ఎక్కడిది? మావాడు పూజలు చేసే రకం కాదే!"

సూరిబాబు తలుపు మీద చెయ్యి వేశాడు. ఎడమకు తిరిగితే ఆమె. కుడికి తిరిగితే మైదానం నిండా జనం.

చెవిలో రత్నావతి గొంతు, బాస్‌కు అర్థంకాని తెలుగులో: "నాకోసం రాకు, సూరీ. పిల్లలున్నారక్కడ. ఎల్లు!"

లారీని కుడికి తిప్పాడు. ఇయర్‌ఫోన్స్ తీసేలోపే తుపాకీ పేలింది.

వేదిక కిందికి పాక్కుంటూ వెళ్లి, బాంబు గడియారం ముల్లు కదిలి మీటను తాకబోతుండగా వైరు కోశాడు. తల మీద వేల గొంతులు ఒక్కసారిగా "మెర్డెకా!" అన్నాయి.

బాస్ రేవులో దొరికాడు. రత్నావతి దొరికేసరికి ఆమె ఒళ్లు చల్లబడింది.

ముఠాలో మిగిలినవాళ్లు పట్టుబడేదాకా ఆమె చావు రహస్యం. బయటివాళ్లకు సూరిబాబు ఆమె డ్రైవరు. సాయంత్రం ఆమె సామాను కోసం క్లబ్‌కు వెళితే మేనేజర్ షణ్ముగం మండిపడ్డాడు.

"మెర్డెకా నాడే పాట ఎగ్గొట్టిందా? ఉద్యోగం ఊడిందని చెప్పు లా!"

"సెప్తాను సార్," అన్నాడు సూరిబాబు.